తాజ్‌మహల్ గురించి రాసింది, తన ఊరి బోరు గురించి రాయలేదు

ప్రశ్న: నేను నల్లగొండ దగ్గర ఒక డిగ్రీ కళాశాలలో కామర్స్ చెబుతాను. చేరి నాలుగేళ్లయింది. ఈ ఏడాది నుంచి అన్ని సబ్జెక్టుల్లోనూ సుస్థిరత (సస్టైనబిలిటీ) గురించి బోధించాలని మా ప్రిన్సిపాల్ గారు నిర్ణయించి, సమన్వయ బాధ్యత నాకు అప్పగించారు. స్టాఫ్ మీటింగులో విషయం చెబితే ఫిజిక్స్ సారు ఉన్న సిలబసే పూర్తి కావడం లేదన్నారు. మ్యాథ్స్ మేడమ్ నవ్వి ఊరుకున్నారు. తెలుగు సారు, "మా పాఠంలో చెట్టు మీద పద్యం ఉందమ్మా, మా పేరు రాసుకో" అన్నారు. పర్యావరణం పేపరు ఎలాగూ ఉంది కదా, మళ్లీ ఇదెందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నిజానికి నాకే ఈ విషయం సరిగా తెలియదు. అందరూ నాకన్నా పెద్దవాళ్లు. ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు ఈ పని ఒప్పుకోవచ్చా, మర్యాదగా తప్పించుకోవాలా?
– ఒక అధ్యాపకురాలు, నల్లగొండ జిల్లా

సమాధానం:

అమ్మా,

ఒప్పుకోండి. మీరు తప్పించుకుంటే ఈ ఫైలు ఇంకొకరి బల్ల మీదికి పోతుంది. వారు జూన్ 5న, పర్యావరణ దినం రోజు, ఒక మొక్క నాటించి, ఫొటో తీయించి, ఫైలు మూసేస్తారు. కామర్స్ చెప్పే మీకు ఈ పనికి అర్హత లేదని మీరు అనుకుంటున్నట్టున్నారు. తెలిసి చేశారో తెలియక చేశారో గాని, మీ ప్రిన్సిపాల్ గారు సరైన మనిషినే పట్టుకున్నారని నాకనిపిస్తోంది. ఎందుకో కిందికి వచ్చాక చెబుతాను.

ముందు 'పేపరు ఉంది కదా' అన్న మాట. ఉంది. 1991లో న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో, పర్యావరణాన్ని బడుల్లో, కళాశాలల్లో తప్పనిసరిగా చెప్పాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం పదేళ్లకు పైగా నానింది. చివరికి యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పాఠ్యక్రమం ఒకటి తయారు చేసి పంపింది. మంచిదే. కాని ఒక పేపరు రాగానే మిగతా పేపర్లన్నిటికీ సెలవు దొరికింది. నీరూ నేలా ఆ పేపరు వాళ్లు చూసుకుంటారు, మనం మన యూనిట్లు చూసుకుందాం అనే అలవాటు పాతుకుపోయింది.

ఆ పేపరు నేను చెప్పాను. ఎవరికీ అక్కరలేని పేపరు జువాలజీ వాడి నెత్తిన పడటం మన కళాశాలల్లో ఆనవాయితీ. ఇరవై ఏళ్ల కిందటి మాట. మర్రిగూడ వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చేది. చురుకైన పిల్ల. నవ్వినప్పుడల్లా చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకునేది. మొదట్లో సిగ్గేమో అనుకున్నాను. ఒకరోజు చున్నీ జారితే పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు కనిపించాయి. ఊరి బోరు నీళ్లలో మితిమీరిన ఫ్లోరైడ్ చేసిన పని. ఆ సంవత్సరం పరీక్షలో 'కాలుష్యం వల్ల కలిగే అనర్థాలను ఉదాహరణలతో వివరించండి' అని ఇచ్చాను. ఆ అమ్మాయి మథుర చమురుశుద్ధి కర్మాగారం, ఆమ్లవర్షం, తాజ్‌మహల్ పాలరాయి రంగు మారడం అన్నీ రెండు పేజీల్లో తప్పు లేకుండా రాసింది. జపాన్‌లోని మినమాటా పాదరస విషం గురించి కూడా రాసింది. తన ఊరి బోరు గురించి ఒక్క ముక్క లేదు.

పదికి తొమ్మిది వేశాను. వేశాక కలం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఆ పిల్ల తప్పేమీ లేదు. నేను చెప్పిన పాఠంలో మథుర ఉంది, మినమాటా ఉంది, మర్రిగూడ లేదు. గైడులో లేదు గనక నేను చెప్పలేదు. నేను చెప్పలేదు గనక తన నోట్లో ఉన్నది జవాబు పత్రంలో రాయదగిన విషయమని ఆమెకు తోచలేదు. ఆ తొమ్మిది మార్కులు నాకు వచ్చినవే అయితే సున్నాకు దిద్దుకునేవాణ్ని.

మీకు నేను చెప్పేదంతా ఆ జవాబు పత్రం దగ్గర నేర్చుకున్నదే. మీ సహోద్యోగులకు కొత్త పాఠం ఇవ్వకండి. ఇప్పటికే చెబుతున్న పాఠంలో లెక్కను మార్చమనండి, ఉదాహరణను మార్చమనండి. అంతకుమించి ఏదీ అడగకండి.

సిలబస్ పూర్తి కావడం లేదన్న ఫిజిక్స్ సారుతోనే మొదలుపెడదాం. స్థితిశక్తి పాఠంలో ఎప్పుడూ ఒక రాయిని ఎత్తుతుంటారు. ఎవరి రాయో, ఎందుకు ఎత్తుతున్నారో ఎవరికీ తెలియదు. రాయికి బదులు నీళ్లు ఎత్తించమనండి. దేవరకొండ వైపు ఒక బోరులో నీరు 100 మీటర్ల లోతున ఉందనుకుందాం. వెయ్యి లీటర్లు పైకి రావాలంటే 1,000 కిలోలు, గురుత్వ త్వరణం 9.8, ఎత్తు 100. గుణిస్తే 9,80,000 జౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు కాబట్టి 0.27 యూనిట్. ఇక్కడిదాకా ఏ పుస్తకంలోనైనా ఉండే లెక్కే. ఇప్పుడు యాసంగిలో ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకోండి. వాన ఉండదు, అంతా బోరే పోయాలి. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి 48 లక్షల లీటర్లు దాటుతాయి. చుక్క వృథా కాకుండా, శక్తి నష్టం లేని మోటారుతో ఎత్తినా 1,300 యూనిట్లు. పంపుసెట్టు తాను తీసుకున్న కరెంటులో సగమే నీటికి ఇస్తుందనుకుంటే 2,600. నీరు 200 మీటర్లకు దిగిందా, మళ్లీ రెట్టింపు. అదే వరి మిర్యాలగూడ దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండితే రైతు ఎత్తాల్సింది లేదు, భూమ్యాకర్షణే నీరు తెచ్చి మడిలో వదులుతుంది.

ఒక సూత్రం, ఒక పీరియడ్. సిలబస్ ఒక్క పేజీ పెరగలేదు. ఆ లెక్క వేసిన పిల్లవాడు ఇంటికి వెళ్లి మోటారు కట్టేస్తాడని నేననను. కాని అది నడుస్తున్నప్పుడు ఏం జరుగుతోందో అతనికి తెలుస్తుంది. ఒకే జిల్లాలో ఒక రైతుకు నీరు నడిచి రావడం, ఇంకొకరు పాతాళం నుంచి తోడుకోవడం ఏమిటని తరగతిలో ఎవరో ఒకరు అడిగి తీరతారు. అప్పుడు ఫిజిక్స్ సారు, "ఆ సంగతి హిస్టరీ సారును అడగండి" అంటే చాలు, మీ సమన్వయం అక్కడే మొదలైనట్టు.

మ్యాథ్స్ మేడమ్‌కు ఐదు అంకెలు ఇవ్వండి: 0.5, 0.6, 0.7, 0.8, 4.4. ఒక మండలంలో ఐదు ఊళ్ల బోర్లలో లీటరుకు అన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందని అనుకోమనండి. ఈ అంకెలు లెక్క కోసం నేను అల్లినవి. తాగునీటిలో 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు అని మన జాతీయ ప్రమాణం. సగటు తీస్తే 1.4 వస్తుంది. పరిమితి లోపే. మండలం క్షేమం అని నివేదిక రాసి సంతకం పెట్టవచ్చు. మధ్యగతం, అంటే వరుసలో నడిమి అంకె తీయమనండి, 0.7. ఇంకా హాయి. ఐదో ఊళ్లో మాత్రం నడుములు వంగిపోతుంటాయి. అంకెలు సగటుకు ఎంత దూరంగా చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనం అనే మాట ఎందుకు పుట్టిందో చెప్పడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రం వెనక ఒక ఊరు ఉందని ఆ మేడమ్‌కు కూడా కొత్తగా అనిపించవచ్చు. నవ్వినవారి మీద నాకు నమ్మకం ఎక్కువ. విసుక్కునేవారి కన్నా వాళ్లే ముందు వస్తారు.

కెమిస్ట్రీ వారి గురించి మీరు రాయలేదు. నల్లగొండలో కెమిస్ట్రీ చెప్పేవారికి ఉన్న అవకాశం ఇంకెక్కడా లేదు. నీటి నుంచి ఫ్లోరైడ్ తొలగించడం గురించి ఏ దేశపు పుస్తకం తెరిచినా మీ జిల్లా పేరు కనిపిస్తుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు స్థిరపడింది. అది టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. దానికి కావలసిన సరుకు చూస్తే పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. బకెట్ నీళ్లలో తగిన పాళ్లలో కలిపి పది నిమిషాలు నెమ్మదిగా తిప్పితే దూదిపింజల్లాంటివి తేలుతాయి. కదపకుండా గంట ఉంచితే అవి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతాయి. పైన తేరిన నీళ్లు వంచుకోవాలి.

ఈ ప్రయోగం చేయించిన చోట నీళ్లు వంచుకోగానే చప్పట్లు కొట్టి ముగిస్తారు. నా దృష్టిలో పాఠం అప్పుడే మొదలవుతుంది. బకెట్ అడుగున మిగిలిన తెల్లని మడ్డిని పిల్లలకు చూపించి, "ఇది ఎక్కడ పోద్దాం?" అని అడగమనండి. అడిగి ఊరుకోమనండి. పెరట్లో పోస్తే వానకు మళ్లీ నేలలోకే దిగుతుందని ఒకరంటారు. మోరీలో పోస్తే కుంటలోకి పోతుందని ఇంకొకరంటారు. ఫ్లోరైడ్ మాయం కాలేదు, చోటు మారింది. పటిక మోతాదు మించితే పైన తేరిన నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, అది మరో తలనొప్పి. ఊరూరా వెలసిన ఆర్.ఓ. ప్లాంట్లదీ ఇదే కథ. ముందు కుళాయిలోంచి క్యాన్‌లోకి ఎన్ని నీళ్లు వస్తాయో అందరూ చూస్తారు. వెనక గొట్టంలోంచి చిక్కబడిన ఉప్పునీళ్లు ఎన్ని పోతున్నాయో, ఎక్కడికి పోతున్నాయో ఎవరూ చూడరు. ఇద్దరు విద్యార్థులకు ఒక బకెట్, ఒక గడియారం ఇచ్చి పంపండి. పావుగంటలో కొలుచుకొని వస్తారు.

సుస్థిరత అక్షరాస్యత అనే మాట మీ ప్రిన్సిపాల్ గారి సర్క్యులర్‌లో ఉండే ఉంటుంది. పలకడానికే నోరు తిరగదు. అక్షరాస్యుడంటే శతకాలు అప్పజెప్పేవాడు కాడు. బస్సు బోర్డు, కరెంటు బిల్లు, డాక్టరు చీటీ తనంతట తాను చదువుకోగలిగినవాడు. ఇదీ అంతే. ఎదురుగా ఉన్న వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో, వాడాక ఎక్కడికి పోతుందో, ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో చదవగలగడం. రాబోయే తరాల అవసరాలకు అడ్డురాకుండా మన అవసరాలు తీర్చుకోవాలని 1987లో ఐక్యరాజ్యసమితి వేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పింది. మా నాయనమ్మ ఇంట్లో విత్తనాల గుమ్మికి పేడతో అలికి, వేపాకు, బూడిద కలిపి మూత పెట్టేది. కరువు ఏడాది గంజి తాగి పడుకున్నారు గాని ఆ మూత తీయలేదు. తినే గింజ వేరు, విత్తే గింజ వేరు అని తెలిసిన పిల్లలకు బ్రంట్‌లాండ్ నిర్వచనం అర్థం కాకపోవడానికి ఏమీ లేదు. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న 17 లక్ష్యాలను రంగురంగుల పటంగా గోడ మీద వేయించమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వేయించండి, గోడ బాగుంటుంది.

ఇక మీ తెలుగు సారు. పద్యం చూపించి తప్పించుకున్నారు. నాకు ఆయన మీదే ఎక్కువ ఆశ. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం గనికో, కర్మాగారానికో, విద్యుత్ కేంద్రానికో అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాల్సి వస్తే, నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఇవ్వాలి. మీ జిల్లాలో సిమెంటు కర్మాగారాలకు కొదవ లేదు. దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. అలాంటి ఒక ప్రాజెక్టు సారాంశం తెలుగులో సంపాదించి సారు చేతిలో పెట్టండి. 'పరిసర వాయు నాణ్యతపై ఉపశమన చర్యలు చేపట్టబడును' లాంటి వాక్యాలు అందులో దండిగా ఉంటాయి. ఒక్కో విద్యార్థి ఒక్కో పేజీ తీసుకుని, ఆ ఊరి రైతు చదివి ప్రశ్న అడగగలిగేలా తిరగరాయాలి. దుమ్ము లేవకుండా రోజుకు ఎన్నిసార్లు నీళ్లు చల్లుతారు? ఆ నీళ్లు ఏ చెరువువి? లారీలు ఏ దారిన పోతాయి? ఇంత చేయించగలిగినవారు మీ కళాశాలలో తెలుగు సారు ఒక్కరే. ఫిజిక్స్ వారు చేయలేరు.

ఆయనకే ఇంకో చిన్న పని చెప్పవచ్చు. అలుగు, తూము, మత్తడి, ఆయకట్టు, శిఖం – ఈ ఐదు మాటలకు అర్థం రాయమని మొదటి సంవత్సరం పిల్లలను అడగమనండి. ఎందరు రాస్తారో చూడండి. శిఖం అంటే చెరువు నీరు నిలిచే నేల అని తెలియని పిల్లవాడు, రేపు ఉద్యోగం వచ్చాక, చెరువు శిఖంలో వేసిన వెంచర్‌లో ప్లాటు కొంటాడు. మొదటి పెద్దవానకు పడవ కూడా కొనుక్కోవాల్సి వస్తుంది. మాట పోయిన చోట వస్తువు కూడా పోతుందని భాష చెప్పేవారికి మనం చెప్పనక్కరలేదు.

హిస్టరీ వారికి పానగల్లు పక్కనే ఉంది. కందూరు చోళుల కాలంనాటి ఉదయసముద్రం ఇప్పుడు సాగర్ నీటిని ఎత్తిపోసే ఏఎంఆర్ ప్రాజెక్టు నీళ్లు నిలుపుకునే జలాశయం. చెరువు బాగుచేసినవారికి భూమి మాన్యంగా ఇచ్చే దశబంధం పద్ధతి గురించి అక్కడే కట్ట మీద కూర్చోబెట్టి చెప్పవచ్చు. ఛాయాసోమేశ్వరం చూడటానికి ఎలాగూ విహారయాత్ర పెడతారు, గుడి చూసి చెరువు చూడకుండా తిరిగి వస్తారు. సాగర్ సంగతి కూడా ఆయనదే. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన, 1967లో కాలువలకు నీరు. లోయలోని నాగార్జునకొండ బౌద్ధ శిథిలాలు తవ్వి తీసి గుట్ట మీదికి చేర్చారు. కాలువకు పైనున్న దేవరకొండ, మునుగోడు మెట్టలకు నీరు ఎక్కలేదు. ఫిజిక్స్ తరగతిలో అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది.

పొలిటికల్ సైన్స్ వారికి ఒక పటం గీయించే పని ఇవ్వండి. సాగర్ జలాశయం నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన నీరు అక్కంపల్లికి చేరి, అక్కడి నుంచి హైదరాబాద్ కుళాయిలకు పోతుంది. నగరం వాడుకుని వదిలిన మురుగు మూసీలో కలిసి, భువనగిరి, వలిగొండ పొలాలను తడుపుతూ వచ్చి, మళ్లీ మీ జిల్లాలోనే వాడపల్లి దగ్గర కృష్ణలో పడుతుంది. పైన తేటనీరు ఇచ్చి కింద మురుగునీరు పుచ్చుకునే జిల్లా మీది. ఆ పటం గీశాక సమాఖ్య వ్యవస్థ, స్థానిక సంస్థల అధికారాలు అనే యూనిట్ చెబితే ఎవరికీ నిద్ర రాదు.

జువాలజీ, బోటనీ వారి గురించి ఎక్కువ చెప్పను, నా వాళ్లు, వారికి తెలుసు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ పరిమితి రోజుకు రెండు లీటర్లు తాగే మనిషికి ఎలా ఉంటుందో, మే నెలలో ఉపాధి హామీ మట్టి పనిలో ఆరు లీటర్లు తాగే మనిషికి ఎలా ఉంటుందో పక్కపక్కన వేస్తే చాలు. ఒకరికి 3 మిల్లీగ్రాములు, ఇంకొకరికి 9. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించిన సంగతి బోటనీ వారు ఎలాగూ వదలరు.

ఇప్పుడు మీ సంగతి. మీ విద్యార్థులకు కాస్ట్ షీట్, అంటే ఒక సరుకు తయారీకి అయిన ఖర్చులన్నీ చూపే పట్టిక, వేయడం నేర్పుతారు కదా. ఈసారి కుర్చీల కర్మాగారం వదిలేసి, బోరు కింద ఎకరం వరికో, బత్తాయి తోటకో కాస్ట్ షీట్ వేయించండి. విత్తనం, ఎరువు, కూలి, ట్రాక్టరు అన్నీ చకచకా వస్తాయి. కరెంటు దగ్గర ఆగుతారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు కదా, సున్నా రాస్తారు. నీటి దగ్గరికి వచ్చేసరికి అసలు గడే ఉండదు. సున్నా రాసిన గడికీ, గడే లేకపోవడానికీ తేడా ఏమిటో కామర్స్ అధ్యాపకురాలికన్నా బాగా ఎవరు చెప్పగలరు? మోటారుకు తరుగుదల కడతాం. ఏటేటా లోతుకు పోతున్న నీటికి తరుగుదల ఏ పుస్తకంలోనూ కట్టం. తండ్రి వేయించిన మూడు బోర్లలో రెండు ఎండిపోతే ఆ డబ్బు పంట ఖర్చా, పెట్టుబడి నష్టమా, లేక ఎవరూ రాసుకోని అప్పా? ఈ ప్రశ్నల మీద మీరు రెండు పీరియడ్లు గడపండి. ఫిజిక్స్ సారు లెక్కలోని 2,600 యూనిట్లు తెచ్చి మీ షీటులో పెట్టుకోండి. పర్యావరణ శాస్త్రం మీకు రాకపోయినా ఫరవాలేదు, ఎవరి ఖాతాలో పడింది అని అడగడం మీ వృత్తి. అందుకే సరైన మనిషిని పట్టుకున్నారన్నాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ కాస్ట్ షీట్ చివరికి రైతు మీద నేరం మోపేలా తయారు కాకూడదు. కాలువ రైతుకు నీరు తెచ్చిన ఆనకట్ట ఖర్చు కూడా అతని షీటులో లేదు కదా. మెట్ట రైతు ఉచిత కరెంటు ఒక్కటే లెక్కలోకి వచ్చి, సాగర్ కింది వందల కోట్ల కాలువలు లెక్కలోకి రాకపోతే అది లెక్క కాదు, ఎకసెక్కం. పల్లెవెలుగు బస్సులో నిలబడి వచ్చి, టిఫిన్ డబ్బా తెచ్చుకుని, ఒక్క జత చెప్పులు రెండేళ్లు వేసుకునే పిల్లలకు 'తక్కువ వాడండి' అని ఉపన్యాసం ఇవ్వడం కూడా అలాంటిదే. ఆ పని ఎవరూ చేయకుండా చూడండి.

పిల్లల పళ్లనూ, వారి ఇంటి పెద్దల నడుములనూ ఉదాహరణగా తరగతి ముందు నిలబెట్టవద్దు. మిషన్ భగీరథ కింద కృష్ణా నీరు వచ్చాక పరిస్థితి చాలా మారిందంటారు. మారని ఒంట్లు ఇంకా ఇళ్లలో ఉన్నాయి. ఊరు పేరు చెప్పండి, బోరు చూపించండి, మనిషిని వదిలేయండి. ఆనాటి ఆ అమ్మాయిని నేను లేపి నిలబెట్టి "నీ ఊరి సంగతి ఎందుకు రాయలేదు" అని అడిగి ఉంటే రెండో తప్పు చేసినవాణ్ని అయ్యేవాణ్ని. అడగలేదు. పిరికితనం వల్ల మానుకున్నా అది మంచికే జరిగింది.

తగవు ఉన్న విషయాలకు భయపడకండి, తీర్పు మాత్రం మీరు చెప్పకండి. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో శాసనసభ తీర్మానించింది. అంతకు చాలా ముందే మీ జిల్లాలోని లంబాపూర్ దగ్గర అదే గొడవ నడిచింది. ఒక జట్టు కరెంటు అవసరం వైపు, ఒక జట్టు అడవి, చెంచు గూడేల వైపు వాదించి, మర్నాడు జట్లు మార్చుకోవాలి. థర్మల్ కేంద్రంలో తండ్రి పని చేస్తున్న పిల్లవాడు తరగతిలో ఉంటాడని గుర్తుంచుకోండి. అంకెలో తప్పుంటే దిద్దండి, అభిప్రాయాన్ని దిద్దకండి.

అందరూ మీకన్నా పెద్దవాళ్లన్నారు. మళ్లీ మీటింగు పెట్టకండి. మీటింగులో 'సరే' అన్నవారు కూడా గుమ్మం దాటగానే మరచిపోతారు. ఒక్కొక్కరి దగ్గరికీ విడిగా, చేతిలో ఒక కాగితంతో వెళ్లండి. "సార్, మా కామర్స్ పిల్లలకు కాస్ట్ షీట్ వేయిస్తున్నాను. బోరు నీటికి ఎంత కరెంటు పోతుందో నాకు లెక్క రావడం లేదు, కాస్త చూడండి" అనండి. పెద్దవారికి ఆదేశం రుచించదు, సందేహం రుచిస్తుంది. పైగా అది అబద్ధం కాదు, మీకు నిజంగానే ఆ అంకె కావాలి. ఆయన వేసి ఇచ్చాక, "ఇదే లెక్క మీ తరగతిలో కూడా వేయిస్తే పిల్లలు రెండు చోట్లా చూసినట్టుంటుంది సార్" అని మెల్లగా అనండి. సుస్థిరత అనే మాట ఎత్తకండి. ఈ సెమిస్టరుకు ముగ్గురు చాలు. పదిమందినీ ఒకేసారి కదిలించబోతే మీరు అలసిపోతారు, వాళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటారు.

ఇంటర్నల్ పరీక్షలో ప్రతి సబ్జెక్టులో ఇలాంటి ప్రశ్న ఒకటి పెట్టించండి. మార్కు లేనిదాన్ని పిల్లలు చదవరు, అందులో వారి తప్పు లేదు. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైలుకు ఫొటోలు కావాలని ప్రిన్సిపాల్ గారు అడుగుతారు. ఆర్.ఓ. ప్లాంటు వెనక బకెట్ పట్టుకున్న విద్యార్థుల ఫొటో ఇవ్వండి. మొక్క నాటే ఫొటో కూడా అడిగితే అదీ ఇవ్వండి, ఆయన ఉద్యోగం ఆయనది.

చివరగా, కెమిస్ట్రీ వారు బకెట్ ప్రయోగానికి ఒప్పుకుంటే బ్లీచింగ్ పౌడర్ కొత్త ప్యాకెట్ కొనమనండి. స్టోరు గదిలో మూత తీసి ఉన్న డబ్బా వాడితే అందులో క్లోరిన్ ఎప్పుడో పోయి ఉంటుంది. పటిక మోతాదు ఆ బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది కాబట్టి ముందు రోజే ఒకసారి చేసి చూసుకోవాలి. వేరు వేరు ఊళ్ల నీళ్లు సీసాల్లో తెప్పించండి. సీసా మీద ఊరి పేరు రాయించండి, తెచ్చినవారి పేరు వద్దు.